ఉయ్యాల మీది పెంకులు

మొన్న ఆదివారం ప్రార్థన ముగించుకుని వస్తూ, మా అమ్మాయీ అల్లుడూ నన్ను మూసాపేటలో ఒక పెంకుల దుకాణానికి తీసుకెళ్లారు. ప్రగతి నగర్‌లో కట్టుకుంటున్న ఇంటికి పై గది మీద ఎర్ర పెంకులు వేయించాలని వాళ్ల ముచ్చట, ఆ గది నా మనవరాలికట. అల్లుడు రంగులు చూస్తుంటే నేను ఒక పెంకు చేతిలోకి తీసుకుని, మా నాన్న చేసినట్టు, వేలి కణుపుతో కొట్టి చూశాను. అది ఖంగుమనేసరికి ఉలిక్కిపడి పెంకు కింద పెట్టేశాను. అరవై దాటినదాన్ని, పట్టపగలు, నలుగురిలో ఉండి హడలిపోయానంటే కుర్రకారు నవ్వుతారు గానీ, పెంకుల కింద వడగళ్ల వాన ఎరిగిన నా ఈడువాళ్లు నవ్వరు.

మా నాన్న గోదావరి పక్క నుంచి జీడిమెట్లలో ఫ్యాక్టరీ పనికి వచ్చి, ఈ మూసాపేటలోనే కాస్త జాగా కొని రెండు గదులు వేశాడు. ఇరుగుపొరుగు రేకులు వేసుకుంటుంటే, రేకుల కింద పసివాడైన మా తమ్ముడు ఉడికిపోతాడని అమ్మ పట్టుబట్టి పెంకులే వేయించింది. ఎదురింటి పెద్దమ్మ ఈ ఊరి మనిషి. "రాళ్ల వాన పడితే పెంకులు ఆగుతయా బిడ్డా, జర ఆలోచన చేయుండ్రి" అంది. తుఫానులు చూసినవాళ్లం, ఈ రాళ్లు మాకో లెక్కా అనుకున్నాడు నాన్న. మా వైపు అలవాటు చొప్పున తమ్ముడి ఉయ్యాల గది నడిమధ్య దూలానికే కట్టాడు.

ఒక వేసవి సాయంత్రం, నాన్న డ్యూటీలో, అమ్మ వీధి చివర కుళాయి దగ్గర ఉండగా, ఆకాశం నల్లబడి ముందు గాలి లేచింది. పెంకులు పళ్లు కొరికినట్టు చప్పుడు చేశాయి, ఎవరూ తాకకుండానే ఉయ్యాల ఊగింది. ఆ వెనకే రాళ్లు, పెంకులు పగిలే చప్పుడు. నేను ఆరేళ్లదాన్ని. తమ్ముణ్ణి దించుదామంటే ఉయ్యాల నా తలకంటే ఎత్తు, వదిలి పారిపోదామంటే కాళ్లు కదలవు. ఉయ్యాల గుడ్డ గుప్పిట పట్టుకుని, పైకి చూడడానికి ధైర్యం చాలక కళ్లు మూసుకుని, యేసయ్యా యేసయ్యా అని గొంతు చిరిగేలా అరిచాను. నర్సుగా చేసిన అన్నేళ్లలోనూ నేను మళ్లీ అంత భయం ఎరగను.

ఆ అరుపు విని పెద్దమ్మ ఇత్తడి తాంబాళం నెత్తిన బోర్లించుకుని ఆ రాళ్లలోనే పరుగెత్తుకొచ్చింది. "ఏడ్వకు బిడ్డా, నేనొచ్చిన" అంటూ తమ్ముణ్ణి చంకనేసుకుని, నన్ను మంచం కిందికి తోసి, తానూ దూరింది. మేమింకా సర్దుకోకముందే అరచేయంత పెంకు ముక్క వచ్చి ఖాళీ ఉయ్యాలలో పడింది.

ఇదంతా దుకాణంలో ఎవరికి చెప్పను? ఇవి రాళ్లకు ఆగుతాయా బాబూ అని మాత్రం అల్లుణ్ణి అడిగాను. "కింద స్లాబ్ ఉంటుందండీ అత్తయ్యా, పెంకులు పైన అందానికే" అన్నాడు. పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది. నేనే కొట్టి చూసి ఒక రకం ఎంచి ఇచ్చాను.

ఇంటికొచ్చాక మళ్లీ దిగులు పట్టుకుంది. మేముండే అపార్టుమెంటులో వాన పడిందో లేదో కిటికీ తీస్తే గానీ తెలియదు, ఎదురు ఫ్లాటులో ఎవరుంటారో మా అమ్మాయికీ తెలియదు. ఆనాడు రాళ్లను ఆపలేని పెంకులు నా అరుపునూ ఆపలేదు, వీధి దాటి పెద్దమ్మ చెవిన పడనిచ్చాయి. రేపు ఆ స్లాబు కింద, అద్దాల కిటికీలు బిగించిన గదిలో, నా మనవరాలు దేనికైనా దడుచుకుని అరిస్తే ఎదురింటికి వినపడుతుందా అన్నదే ఇప్పుడు నా భయం.