దోమమ్మ మాట

ఆసుపత్రి రక్తపరీక్షల గదిలో రక్తం తీసే మా అమ్మమ్మకు పిల్లలు పెట్టిన పేరు దోమమ్మ. ఆమె నొచ్చుకోదు సరికదా, సూది గుచ్చేముందు మూతి సున్నాలా చుట్టి "జుయ్" మంటుంది. ఈ వయసులో ఇవేం వేషాలని ఇంట్లోవాళ్లు ఆటపట్టిస్తే, "ఏదీ, చెయ్యి చాపు" అంటుంది. అంతే, అందరూ గప్‌చిప్.

ఇంకో అలవాటు కూడా ఉంది. గొట్టంలోకి రక్తం దిగుతుంటే, "రక్తం అబద్ధమాడదు. చక్కెర ఎవరు కాజేశారో చెప్పేస్తుంది" అని పిల్లల్ని బెదిరిస్తుంది.

ఒకరోజు ఒకాయన కూతుర్ని తీసుకొచ్చాడు.

"పొద్దున మంచం దిగదండీ, కుంటుతుంది. మధ్యాహ్నానికి లేడిపిల్లలా గంతులు. బడి ఎగ్గొట్టే నాటకాలు."

"నిజంగానే నొప్పి" అంది పిల్ల, గోడతో చెబుతున్నట్టు.

"తేలిపోతుందిలే తల్లీ. రక్తం అబద్ధమాడదు" అనేసింది అమ్మమ్మ అలవాటుకొద్దీ.

మర్నాడు ఫలితాలు చూస్తే, వాపు జాడ చెప్పే అంకెలన్నీ బుద్ధిగా హద్దుల్లోనే ఉన్నాయి. తండ్రి కాగితం ఊపాడు.

"చూశావా? రక్తం అబద్ధమాడదని ఆవిడే అంది. ఇక నోరు మూసుకుని బడికి నడు!"

పిల్ల అమ్మమ్మ వంక చూసింది. అమ్మమ్మకు సిగ్గుకన్నా ఆరా ఎక్కువ. వాళ్లను కూర్చోబెట్టి డాక్టరమ్మ గదిలోకి దూరింది.

"అంకెలు బాగుంటే కీళ్లు బాగున్నట్టేనా అమ్మా?"

"ఎవరన్నారా మాట?"

"ఇంకెవరు, నేనే!"

డాక్టరమ్మ నవ్వి పిల్లను లోపలికి పిలిచింది. రెండు మోకాళ్లూ తడిమింది. ఒకటి పూర్తిగా చాపడానికి రావడం లేదు.

"పిల్లల కీళ్లవాతాన్ని ఒక్క రక్తపరీక్షతో తేల్చలేం. కొందరికి కీలు వాచినా రక్తంలో ఏమీ కనబడదు. పొద్దున బిగుసుకుని, తిరిగేకొద్దీ వదలడం దాని గుణమే. స్కాన్ తీద్దాం. ఇది కళ్లకూ పాకొచ్చు, అవి కూడా చూపించాలి."

తండ్రి మోకాలి మీద అరచెయ్యి వేశాడు. "వెచ్చగా ఉంది" అన్నాడు మెల్లగా.

"మరి రక్తంలో దీని ఆచూకీ ఎక్కడా ఉండదా?" అమ్మమ్మ వదల్లేదు.

"ఉందేమో. ముందే పట్టిచ్చే గుర్తుల కోసం ఇంకా వెతుకుతున్నారు."

మందులు మొదలయ్యాక పిల్ల మళ్లీ రక్తం ఇవ్వడానికి వచ్చింది, తనే ముందు నడుస్తూ.

"దోమమ్మా, చక్కెర ఎవరు తిన్నారో చెబుతోందా?"

అమ్మమ్మ గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి, అటూ ఇటూ వంచి చూసింది.

"ఉహూఁ. దీన్ని అడగడం మాకింకా పూర్తిగా చేతకాలేదే. నువ్వే చెప్పు, ఎవరు తిన్నారు?"

పిల్ల తండ్రి వైపు వేలు చూపించింది.