పెద్దత్త మోకాలూ, పిడుగు ఉద్యోగమూ

మా అక్క కూతురిని ఇంట్లో అందరం పిడుగు అంటాం. డాక్టరయ్యాక ఆ పేరు మానేద్దామనుకున్నాం కానీ, ఆస్పత్రిలో చేరాక అది దానికి ఇంకా బాగా అతికింది.

పన్నెండేళ్ళు చదివింది. ఆ పన్నెండేళ్ళలో మా అబ్బాయి చదువు మానేసి, కార్ల షోరూమ్‌లో చేరి, పెళ్ళి చేసుకుని, ఇద్దరు పిల్లల్ని కని, తీరిగ్గా పొట్ట కూడా పెంచాడు. పిడుగు మాత్రం హాస్టల్ మంచం మీద పుస్తకాల పక్కన ముడుచుకుని పడుకునేది. చివరికి రుమటాలజీ అనే స్పెషాలిటీ చదివి బయటపడింది. కీళ్ళు వాచిపోవడం, వేళ్ళు వంకర్లు పోవడం లాంటి జబ్బులకి మందులతో వైద్యం చేసే చదువది. అందులో కత్తి పని లేదు. కత్తి లేకపోవడమే దానికి శాపమని మాకు తర్వాత అర్థమైంది.

ఉద్యోగం కోసం తిరిగితే ఒక ఆస్పత్రి వాళ్ళు, "మాకు కీళ్ళ డాక్టరు ఉన్నాడమ్మా, ఆపరేషన్లు కూడా చేస్తాడు" అన్నారు. ఇంకోచోట జీతం గీతం లేదు, చర్మం డాక్టరు రాని పూట ఆయన గదిలో కూర్చోమన్నారు. కరెంటు బిల్లులో సగం కట్టాలట! మూడోచోట దాని సర్టిఫికెట్లు చూసి అరగంట పొగిడి, ఎముకల సర్జనుకి మొదటి నెల ఇచ్చే జీతంలో మూడోవంతు ఇస్తామన్నారు.

"మీరు మాత్రలు రాసి ఇంటికి పంపేస్తారు కదా డాక్టర్, దానివల్ల మాకేం మిగుల్తుంది చెప్పండి?" అన్నాడు అక్కడి మేనేజరు. నున్నగా గీసుకున్న గడ్డం, పళ్ళన్నీ కనపడే నవ్వు. అలా నవ్వినందుకే ఆయనకి పిడుగు కంటే ఎక్కువ జీతమని రిసెప్షన్ అమ్మాయి తర్వాత మా చెవిన వేసింది.

వేరే దిక్కులేక అందులోనే చేరింది. ఆరు నెలలు ఆ జీతం గ్యారంటీ. ఆపైన ఉంచాలో తీసెయ్యాలో 'కన్వర్షన్' చూసి చెబుతారట. అదేమిటని అడిగితే, "చూపించుకోడానికి వచ్చినవాళ్ళలో ఎంతమందిని ఆపరేషన్ బల్ల ఎక్కించామన్న లెక్క పిన్నీ" అంది పళ్ళు నూరుతూ.

పూర్తిగా వింటే కదా! మా అక్కకి 'వచ్చినవాళ్ళు' అన్న ముక్క ఒక్కటే బుర్రకెక్కింది. పిల్ల దగ్గరికి జనం రావడం లేదు కాబోలు, మనమే పంపిద్దాం అంది. ఆలోచన అక్కది, అమలు నాది. మోకాళ్ళ నొప్పులకి మా చుట్టాల్లో కొదవేమిటి? పెద్దమ్మలూ, పిన్నులూ, వదినలూ, వాళ్ళ వియ్యపురాళ్ళూ, ఆఖరికి మా పాలవాడి అత్తగారూ. రోజుకి ఇద్దరు ముగ్గురు చొప్పున ఆటోలెక్కించి పంపాను. పిడుగు అందరి మోకాళ్ళూ నొక్కి చూసి, మందులు రాసి, మెట్లు ఎలా ఎక్కాలో నేర్పి ఇంటికి పంపింది. నేను గొప్పపని చేసినట్టు పొంగిపోయాను.

నెల తిరిగేసరికి పిడుగు మా ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లోకి వచ్చి నిలబడింది.

"నీకు దణ్ణం పెడతాను పిన్నీ, ఇంకెవర్నీ పంపకు!"

"అదేమిటే, గది ముందు జనం కిటకిటలాడుతుంటే..."

"జనం పెరిగారు, ఆపరేషన్‌కి వెళ్ళేవాళ్ళు పెరగలేదు. ఇదివరకు పదిమందిలో ఒకరికి నిజంగా అవసరమైతే పంపేదాన్ని. ఇప్పుడు యాభైమందిలో ఒకరు. గ్రాఫ్ నేలకి తగిలింది. మీటింగ్‌లో అందరి ముందూ నా గీతని ఎర్రరంగులో చూపించారు!"

మేలు చెయ్యబోయి పిల్ల జీతానికే ఎసరు పెట్టాం. అంతకంటే నాకు ఒళ్ళు మండింది ఆ గీత గురించి. రోగిని నయం చేసి ఇంటికి పంపితే గీత కిందికి పోవడం ఏమిటి? పైకి పోవాలంటే కొయ్యాలా?

ఆరోనెల ఆఖరివారంలో పెద్దత్త ఫోన్ చేసింది. పెద్దత్త అంటే పిడుగు నాన్నగారి అక్క, నాకు వదిన వరస. ఆవిడ మోకాలు వాచిపోతే మూడునెలలుగా పిడుగే మందులిస్తోంది. వాపు చాలావరకు తీసింది కూడా.

"అమ్మాయ్, రేపు పొద్దున్న ఆస్పత్రికి తోడు రా. ఏవో పరీక్షలున్నాయి. పిడుక్కి చెప్పకు, పనిలో ఉంటుంది" అంది.

వెళ్ళాను. ఒక నర్సు కాగితం ఇచ్చి తోడొచ్చినవాళ్ళు సంతకం పెట్టాలంది. కళ్ళజోడు మర్చిపోయానని చెప్పడానికి సిగ్గేసి, చదివినట్టు తల రెండుసార్లు ఊపి పెట్టేశాను. పెద్దత్తని లోపలికి తీసుకెళ్ళారు. నేను బయట కుర్చీలో కూర్చున్నాను. ఎదురుగా అద్దాల గదిలో డాక్టర్ల మీటింగ్. చివరి కుర్చీలో పిడుగు.

తలుపు ఓరగా ఉండటంతో మేనేజరు గొంతు వినిపిస్తోంది. "శుభవార్త! మన రుమటాలజీ డాక్టరుగారు ఈ నెల నలుగురిని మోకాలి ఆపరేషన్‌కి పంపారు. ఇలాగే ఉంటే పర్మనెంట్ చేయడానికి మాకేం అభ్యంతరం లేదు." అందరూ చప్పట్లు కొట్టారు. గోడమీది తెరమీద పేర్లు కనిపించాయి. పిడుగు లేచి నిలబడింది.

"నేనెవర్నీ పంపలేదు."

"మీ గదిలోంచి వెళ్ళినవాళ్ళకి మా అమ్మాయిలు ఫోన్ చేసి ఫ్రీ ఎక్స్‌రే అని చెప్పారు. మీ పేరు చెబితే నమ్మి వచ్చారు. ఎక్స్‌రే చూసి సర్జనుగారు ఆపరేషన్ రాశారు. మంచిపేరు తెచ్చుకున్నారు డాక్టర్!"

"ఆ మొదటి పేరు మా అత్తది!"

పిడుగు అద్దాల తలుపు తోసుకుని వచ్చిన ఊపుకి నేను భయపడి లేచాను. "నువ్విక్కడేం చేస్తున్నావ్?" అని అరిచి, జవాబు కోసం ఆగకుండా లోపలికి పోయింది. నేనూ వెనకే పరిగెత్తాను.

పెద్దత్త మంచం మీద ఆకుపచ్చ గౌనులో, తలకి టోపీతో, పెళ్ళికూతురిలా తలవంచుకుని కూర్చుని ఉంది.

"లే అత్తా."

"నువ్వు ఊరుకో. అన్నీ అయిపోయాయి. ఇంకో గంటలో..."

"మోకాలి నొప్పి తగ్గుతోందని నీకు తెలీదూ? మెట్లెక్కి వచ్చావు కదా మొన్న!"

"తెలుసులేవే." పెద్దత్త గొంతు తగ్గించింది. "ఆ మేనేజరబ్బాయి ఫోన్ చేశాడు. మీ మేనకోడలికి ఒక్క ఆపరేషన్ తక్కువైందండీ, లేకపోతే ఉద్యోగం పోతుందన్నాడు. ఎలాగూ ముసలి మోకాలేగా. పోతే పోయింది, నీ జీతం నిలబడుతుంది కదా అనుకున్నాను."

పిడుక్కి అరికాలి మంట నెత్తికెక్కింది. "మీరంతా కలిసి ప్రేమతోనే నన్ను చంపేలా ఉన్నారు!" అని పెద్దత్త చెయ్యి పట్టుకుని లేపింది. గౌను మీద నా శాలువా కప్పాను.

వరండాలో సర్జను గది ముందు ఎక్స్‌రే కవర్లు ఒళ్ళో పెట్టుకుని జనం కూర్చున్నారు. పిడుగు వాళ్ళ మధ్యకెళ్ళి అడిగింది: "రుమటాలజీ డాక్టరు పంపిందని మీలో ఎవరికి చెప్పారు?"

మూడు చేతులు లేచాయి.

అక్కడే ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎక్స్‌రేలు కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకోవడం నా డ్యూటీ. రెండిటిని తలకిందులుగా పట్టుకున్నాను కూడా. మొదటావిడకి, "ఇంకా మందులు వాడాలమ్మా, ఇంటికెళ్ళండి" అంది. రెండో ఆయనకీ అదే మాట. మూడో ఆయన మోకాలు చాలాసేపు వంచి చూసి, "మీకు మాత్రం ఆపరేషన్ కావాలండీ. భయపడకండి, చేయించుకోండి" అంది.

వెనకే వచ్చి నిలబడ్డ మేనేజరు మొహం వెలిగింది. "చూశారా! దీన్ని మీ లెక్కలో వేసుకుంటాను డాక్టర్."

సిగ్గులేని మనుషుల్ని చాలామందిని చూశాను కానీ, ఇలాంటివాణ్ణి చూడలేదు.

"వేసుకోండి," అంది పిడుగు లేస్తూ. "పక్కనే ఇంటికి పంపినవాళ్ళనీ వెయ్యండి. నా పని అది. దానికి జీతమివ్వడం మీకు చేతకాకపోతే రేపట్నుంచి నేను రాను."

"రేపటిదాకా ఎందుకు?" అన్నాడతను. ఈసారి నవ్వలేదు.

ముగ్గురం రోడ్డు మీదికొచ్చాం. ఎండ మండిపోతోంది. ఆటోలవాళ్ళు పెద్దత్త టోపీ చూసి దగ్గరికి రావడం లేదు. పెద్దత్తకి అలక. అంత పెద్ద త్యాగాన్ని చిన్నపిల్ల కొట్టిపారేసిందని.

"నీ ఉద్యోగమో?" అంది ముక్కుతూ.

"పోయింది."

"మరి నా మోకాలు?"

"ఉంది."

"ఉంటే ఏం లాభం? నీకు తిండి పెడుతుందా?"

"నడువత్తా!" అని పిడుగు అరిచిన అరుపుకి, రోడ్డవతల ఉన్నవాళ్ళు కూడా నడక మొదలుపెట్టారు.