ఏమీ చెప్పలేదని చెప్పిన టీచరు

గత వారం చిత్తూరు నుంచి తిరుపతి వెళ్తుంటే, పూతలపట్టులో బస్సెక్కిన ఒక పెద్దావిడ నా ముందు సీట్లో కూర్చుని, చేతిగుడ్డ మీద నీలగిరి తైలం నాలుగు చుక్కలు వేసుకుని ముక్కుకు పట్టుకుంది. ఆ ఘాటు నా దాకా రాగానే లేచి వెనక్కి పోయాను. సీటు ఉండి కూడా తిరుపతి దాకా నిలబడే వెళ్లాను. ఆ వాసన సలోమి టీచరుది. ఆమెకు ఒంటితలనొప్పి ఉండేది. బడిలోనూ చర్చిలోనూ ఆ చేతిగుడ్డ ఎప్పుడూ ఎడమ చేతిలోనే ఉండేది. ఆమె పోయి మూడేళ్లయింది. అంతకు ముందు ఆరేళ్లు నేను ఆమెతో మాట్లాడలేదు. ఒకే చర్చిలో ఆమె వెనుక రెండు వరుసల దూరంలో కూర్చుని మాట్లాడలేదు. నన్నెవరైనా ఒక మాటంటే ఆ మాటా, అప్పుడు పక్కనున్నవాళ్ల ముఖాలూ నాకు గుర్తుండిపోతాయి. అది నా గుణం. అందుకు నేను సిగ్గుపడను.

ఆమె మీద నా మొదటి ఫిర్యాదు నాకు పద్నాలుగేళ్లప్పటిది. ఆదివారం బడిలో క్రిస్మస్ నాటకానికి వేషాలు పంచుతున్నారు. యోసేపు వేషం నాకే వస్తుందనుకున్నాను. ఇంకొకడికి ఇచ్చింది. వెంటనే లేచి, "టీచర్, ఆ వేషం నాదేనని దేవుడు నాకు కలలో చెప్పినాడు" అన్నాను. ఆమె నన్ను అందరి ముందుకు పిలిచింది.

"ఏ భాషలో చెప్పినాడబ్బా? మన చిత్తూరు తెలుగులోనా, అరవంలోనా?"

పిల్లలంతా పగలబడి నవ్వారు. వాళ్లు ఆగేదాకా ఆగి, నాకు మాత్రమే వినబడేట్టు చెప్పింది. "వేషం కావాలంటే కావాలని అడుగు. ఇస్తే ఇస్తా, లేకుంటే లేదు. నీ ఆశకు ఆయన పేరు పెట్టొద్దు."

వేషం ఇవ్వలేదు. గొర్రెల కాపరుల్లో చివరివాడిగా, స్తంభం చాటున నిలబెట్టింది. ఆ స్తంభాన్ని కూడా నేను మరచిపోలేదు.

అయినా ప్రార్థన చేయడం నాకు నేర్పింది ఆమే. మా వాళ్లలో చదువైనా, ఉద్యోగమైనా, పెళ్లిసంబంధమైనా దేవుని చిత్తం తెలుసుకోకుండా అడుగు వేయరు. పదో తరగతి అయ్యాక ఐటీఐలో చేరాలా, ఇంటరా అని నేనూ ఆమె దగ్గరికే పోయాను. "అడిగినంత సేపు వినాల. పది నిమిషాలు అడిగితే పది నిమిషాలు నోరు మూసుకొని కూచో" అంది. ఏమన్నా వినిపిస్తుందా టీచర్ అంటే, "నాకైతే శానా తక్కువ. అయినా కూచుంటా" అని నవ్వింది. అంత తక్కువ వినిపించే మనిషి నాకెందుకు నేర్పుతోందని అప్పుడు అనుకున్నాను.

తొమ్మిదేళ్ల కిందట మామిడికాయల సీజన్లో మా నాయన మేకు తొక్కాడు. తోటల నుంచి గుజ్జు ఫ్యాక్టరీలకు లోడు తోలే లారీ డ్రైవరు ఆయన. షుగరు ఉంది. లోడు దింపాలి, ఇంకో లోడెత్తాలి అని పది రోజులు ఎవరికీ చెప్పలేదు. తిరుపతికి తీసుకుపోయేసరికి పాదం నల్లబడింది. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, పాదం తీసేస్తే మనిషి దక్కుతాడు, సోమవారం పొద్దుటికల్లా సంతకం పెట్టమన్నాడు. అది గురువారం. నేను ఒక్కడినే కొడుకును.

"కాలు లేకుండా యాడికి పోవాలప్పా నేను? అయ్యగారిని అడుగు. దేవుడేం చెప్తే అది" అన్నాడు నాయన.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఇలాంటి పెద్ద నిర్ణయం వస్తే పాస్టరయ్యగారు ముగ్గురిని నియమిస్తారు. వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా మూడు రోజులు ఉపవాసముండి అడుగుతారు. ఆదివారం ఆరాధన అయ్యాక తమకు ఏం తెలిసిందో నిలబడి చెబుతారు. ఇద్దరి మాట కలిస్తే అదే దేవుని చిత్తం. మా నాయన కాలికోసం అయ్యగారి భార్యను, సంఘపెద్ద దేవదానాన్ని, సలోమి టీచరును నియమించారు.

ఆ ఆదివారం మొదట అయ్యగారి భార్య అమ్మగారు లేచి, నాయన తెల్లబట్టలతో తన రెండు కాళ్ల మీద చర్చిలోకి నడిచివస్తున్నట్టు దర్శనం చూశానన్నారు. దేవదానం, ఎముకలను కాపాడతాననే వాక్యం తనకు మూడుసార్లు వచ్చిందన్నాడు. జనం స్తోత్రం అన్నారు. నేను ఏడ్చాను. తర్వాత సలోమి టీచరు బెంచీ పట్టుకుని లేచింది.

"నాకు ఆయనేమీ చెప్పలేదయ్యా."

"ఇంకొక దినం ఆయన మాట కోసం కనిపెట్టుకొని ఉండండి టీచరమ్మా" అన్నారు అయ్యగారు.

"నేను కనిపెడతా. ఆ కాలు ఆగదు గదయ్యా. మూడు దినాలు అడిగినా, ఏమీ చెప్పలేదు. డాక్టరు చెప్పింది మాత్రం నాకు అర్థమైనాది."

దేవదానం వెనక్కి తిరిగి, "టీచరమ్మకు చాక్‌పీసు మీదున్న నమ్మకం బైబిలు మీద లేదబ్బా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇతరులు నన్ను చూసి నవ్విన నవ్వులన్నీ వరుసగా చెప్పగలను గానీ, ఆ ఒక్క నవ్వు తలుచుకోవడానికి ఇప్పటికీ భయపడతాను.

సోమవారం సంతకం పెట్టలేదు. నాయనను ఇంటికి తెచ్చాను. బుధవారానికి వాసన వీధిలోకి వచ్చింది. ప్రార్థన చేయడానికి వచ్చినవాళ్లు వాకిట్లోనే నిలబడి చేసి పోయారు. అమ్మగారు ఫోనులో చేశారు. దేవదానం రాలేదు. లోపలికి వచ్చి, కట్టు విప్పి, గుడ్డలు ఉతికి ఆరేసింది సలోమి టీచరు ఒక్కతే. మళ్లీ తిరుపతికి పోదాం పద అని నన్ను రెండుసార్లు అడిగింది. నమ్మకం లేని మనిషి మాట వినకూడదని నేను ఒప్పుకోలేదు. శుక్రవారం మధ్యాహ్నం నాయన పోయాడు. మట్టి చేశాక పెట్టిన ఆదరణ కూడికలో అయ్యగారు, ఇదీ దేవుని చిత్తమే అన్నారు. దర్శనం గురించి ఎవరూ మాట్లాడలేదు.

మరుసటి రోజు సాయంత్రం టీచరు ఇంటికి పోయాను. ఆమె కాఫీ తెచ్చి నా ముందు పెట్టింది. నేను ముట్టుకోలేదు.

"ఒక్క మాట టీచర్. 'దేవుడు తీసేయమన్నాడు' అని మీరు గట్టిగా చెప్పుంటే నేను సంతకం పెట్టుండేవాడిని."

"తెలుసు నాయనా."

"తెలిసి కూడా?"

"శనివారమంతా అదే ఆలోచన. చెప్పేద్దామనే లేచినా. నోటిదాకా వచ్చినాది."

"మరెందుకు చెప్పలేదు?"

"ఆయన చెప్పలేదు గదప్పా."

"మా నాయన పోయినాడు గదా!"

"పోయినాడు" అంది. చేతిగుడ్డ ముక్కుకు కాదు, కళ్లకు అడ్డం పెట్టుకుంది. క్షమించు అంటుందేమోనని చాలాసేపు కూర్చున్నాను. అనలేదు. దర్శనం చూసినవాళ్ల మీద నాకు కోపం లేదని కాదు. వాళ్లకు నిజమూ తెలియదు, అబద్ధమూ తెలియదు. ఈమెకు రెండూ తెలుసు. తెలిసీ నా నాయన ప్రాణం కంటే తన మాట శుభ్రంగా ఉండటమే ఎక్కువనుకుంది. ఆ రోజు నేను అలాగే అనుకున్నాను, ఆరేళ్లు అలాగే అనుకుంటూ ఆమె వెనుక కూర్చున్నాను. ఆమె పోయినప్పుడు సమాధి దాకా వెళ్లాను. పిడికెడు మట్టి తీసుకుని, వేయకుండా జారవిడిచి వచ్చాను.

నిరుడు అయ్యగారు ముగ్గురిలో ఒకడిగా నన్ను నియమించారు. మా వీధిలోని మేరికి, శ్రీ సిటీలో ఫ్యాక్టరీ పనికి పోయే పిల్లకు, రొమ్ములో గడ్డ. డాక్టరు ఆపరేషన్ అన్నాడు. మూడు రోజులు నేను నిజంగా ఉపవాసమున్నాను. నిజంగా అడిగాను, అడిగినంత సేపూ విన్నాను. ఏమీ లేదు. నా ఊపిరి తప్ప ఏమీ లేదు. ఆదివారం ముందు లేచిన ఇద్దరూ ఆగమన్నారు, స్వస్థత వస్తుందన్నారు. మేరి తలవంచుకుని కొంగు మెలిపెడుతోంది. నేను లేచాను.

"ఆపరేషన్ చేయించుకోమన్నాడు. మేరీ అని పేరు పెట్టి చెప్పినాడు. ఈ వారమే పొమ్మన్నాడు."

ఇద్దరి మాట కలిసినా, మా నాయన సంగతి తెలిసిన జనం ఈసారి స్తోత్రం అనలేదు. ఎవరి మాట వినాలో మేరి అప్పుడే తేల్చుకుంది.

మేరి బతికింది. మళ్లీ పనికి పోతోంది. ఎదురుపడినప్పుడల్లా, "దేవుడు నీతో మాట్లాడబట్టి నేనుండాను అన్నా" అంటుంది. సలోమి టీచరు నిజం చెబితే మా నాయన పోయాడు. నేను అబద్ధం చెబితే మేరి ఉంది. అలాంటప్పుడు ఆమె చేసింది తప్పని, నా ఫిర్యాదు నెగ్గిందని నాకు నిమ్మళం కలగాలి. కలగలేదు. ఆమె అన్నేళ్లు ఏమీ వినబడకపోయినా వింటూ కూర్చుంది. ఆ మౌనంలోకి తన మాట ఒక్కటి కూడా వేయలేదు. ఎప్పుడో ఒక మాట వస్తే అది ఆయనదేనని ఆమెకు తెలిసేది. నాకిక తెలియదు. మోకరించినప్పుడు లోపల ఏదైనా కదిలితే, అది నేనే చెప్పుకుంటున్నానేమో అనిపిస్తుంది. ఆమెతో మాట్లాడని ఆరేళ్లలో ఒక్కరోజైనా పోయి, మీరు ఎలా ఓర్చుకున్నారు టీచర్ అని అడిగి ఉండాల్సింది. మొండివాడిని, పోలేదు.

ఇప్పుడు దేవుడు నాతో మాట్లాడతాడని సంఘమంతా నమ్ముతోంది. మొన్న ఆదివారం మధ్యాహ్నం ఒక కుర్రాడు భార్యతో మా ఇంటికి వచ్చాడు. అతనికి కువైట్ వీసా వచ్చింది. ఆమెకు ఏడో నెల. పోవాలా, ఉండాలా? ముగ్గురం చాప మీద మోకరించాం. నేను కళ్లు మూసుకున్నాను. బయట ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. ఆ తర్వాత ఏమీ లేదు. నాకేమీ చెప్పలేదమ్మా అనాలి. రెండే మాటలు. ఆ ముసలావిడ చర్చి నిండా జనం ముందు బెంచీ పట్టుకుని అనగలిగిన మాటలు.

"ఏమన్నాడన్నా?" అని ఆ పిల్ల మెల్లగా అడిగింది.

నేను కళ్లు తెరవలేదు.