రెండో మీటరు

మేం అద్దెకుంటున్న పోర్షను గుమ్మం పక్కన ఓనరు బిగించిన ప్రీపెయిడ్ మీటరు, బ్యాలెన్సు తగ్గిందంటే చాలు, సన్నగా కీచుమంటూ అరవడం మొదలుపెడుతుంది. ఆ చప్పుడు చెవిన పడితే నాకు ఒకచోట కాలు నిలవదు. ఫోను తీసి ఎంత మిగిలిందో చూస్తాను, పెట్టేస్తాను, పొయ్యి దగ్గరికి వెళ్ళి మళ్ళీ వచ్చి చూస్తాను. మా అమ్మాయి నవ్వుతుంది.

"మూడొందలు వేస్తే ఎన్ని యూనిట్లొస్తయ్యమ్మా?" అని అడిగింది మొన్న.

"మొత్తం మూడొందలకీ రావే. ముందు ఫిక్సుడు చార్జీ కోసుకుంటది. మిగిలినదాన్ని యూనిట్ రేటుతో భాగించు, అన్నే వస్తయ్."

అంతటితో ఊరుకోలేదు నేను. వెయ్యి వాట్లు గంటసేపు వాడితే యూనిట్టు, డెబ్బై అయిదు వాట్ల ఫాను దగ్గరదగ్గర పదమూడు గంటలు తిరిగితే యూనిట్టు, అంటూ వేళ్ళ మీద చెప్పుకుపోయాను. చెబుతూ ఉంటే ఆ గొంతు నాది కాదనిపించింది. అచ్చం మా నాన్నది.

నాన్న నరసరావుపేటలో కాలిపోయిన మోటార్లకు కొత్తగా రాగితీగ చుట్టేవాడు. పెదనాన్న మా ఇంటి వరండాలోనే పరుపులు, దిండ్లు కుట్టేవాడు. అందుకని మా ఇంట్లో సగం దూది వాసన, సగం వార్నిషు వాసన. దూదిపీచు మా జడల్లోకి, అన్నంలోకి, ఆఖరికి రంజాన్ పండక్కి పెదమ్మ పెద్ద డేగిసాలో కాచే సేమియా పాయసంలోకి కూడా ఎగిరొచ్చి పడేది. దాన్ని వేలితో తీసి పారేసి తాగేవాళ్ళం తప్ప గిన్నె వదిలేవాళ్ళం కాదు. పీర్ల పండగకు నాయనమ్మ రొట్టెలు నలిపి బెల్లం కలిపి మలీదా ముద్దలు చేస్తే, పెదనాన్న పిల్లలు, మేం కలిసి నడుమింట్లో గచ్చు మీద గీసుకున్న అష్టాచెమ్మా గళ్ళ చుట్టూ కూర్చుని, ఒక చేత్తో గవ్వలు, ఒక చేత్తో ముద్ద పట్టుకుని సాయంత్రందాకా కొట్టుకునేవాళ్ళం. ఆ నడుమింట్లోనే నాయనమ్మ మంచం. ఇంటికి నట్టనడుమ పడుకుని, ఏ గదిలో బల్బు ఊరికే వెలుగుతున్నా అక్కణ్ణించే కేకేసేది.

ఆ ఎండాకాలం పెదనాన్న ఫ్రిజ్జు కొన్నాడు, నాన్న పాత మోటారుతో కూలరు తయారుచేశాడు. పల్నాటి ఎండలకు రాళ్ళు కూడా సెగలు కక్కుతుంటే ఆ రెండూ ఆగకుండా తిరిగాయి. కరెంటు బిల్లు వచ్చిన రోజు పెదనాన్న దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "వాడింది రెండింతలైతే బిల్లు మూడింతలైందేందిరా?"

నాన్న పరుపుల పక్కన పడున్న దిండ్లు తీసుకుని ఒకదానికన్నా ఒకటి ఎత్తుగా మెట్లలాగా పేర్చాడు. "మొదటి మెట్టు మీద ఉన్న యూనిట్లు చౌక అన్నయ్యా. అయి దాటినాక వచ్చేయి పై మెట్టు, రేటెక్కువ. ఆపైది ఇంకా ఎక్కువ. రెండు సంసారాల వాడకం ఒక్క మీటర్లో పడితే పైపైకి పోతానే ఉంటది. రెండు మీటర్లైతే రెండూ కింద మెట్ల మీదే కూచుంటయ్."

ఇదేదో బాగుందని అందరికీ అనిపించింది. కానీ ఒకే ఇంటికి రెండో మీటరు ఇవ్వరట. వేరే గుమ్మం, వేరే వంట, మధ్యలో అడ్డుగోడ ఉండాలని ఆఫీసులో చెప్పారు.

"మీటరు కోసం ఇల్లు కోస్తార్రా?" అంది నాయనమ్మ.

"చూపించటానికేనమ్మా. వాళ్ళొచ్చి చూసి పోంగానే గోడలో దోవ తీసేద్దాం" అన్నాడు నాన్న.

నడుమిల్లు మధ్యగా, మా అష్టాచెమ్మా గళ్ళ మీదుగా మట్టి అడుసుతో ఇటుకల గోడ లేచింది. మా వైపుకి వెనక సందులోకి కొత్త గుమ్మం పెట్టారు. మనుషులొచ్చి చూసి వెళ్ళారు, మీటరు వచ్చింది, రెండు బిల్లులూ తగ్గాయి. గోడ మాత్రం అట్లాగే ఉంది. మళ్ళీ తనిఖీకి వస్తే మీటరు పీకేస్తారని పెదమ్మ భయం. తర్వాత నాన్నకు పని ఒత్తిడి. ఆ తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు. టీవీ వాళ్ళ వైపుండిపోయింది, మేం చూడ్డానికి వెళ్తే, "మీ వైపు ఫాను ఆపి వచ్చారా?" అని పెదమ్మ నవ్వుతూనే అడిగేది. కూలరు మా వైపుండిపోయింది. పెదనాన్న పిల్లలు దాని ముందు కూర్చుంటే అమ్మ వాళ్ళ వంక ఒక చూపు చూసేది. ఆ చూపు వాళ్ళకి అర్థమయ్యేది. మెల్లగా రాకపోకలు పలచబడ్డాయి.

నాయనమ్మ మటుకు కుదురుగా ఉండలేకపోయింది. మంచం పెదనాన్న వైపుంది, మనసు రెండు వైపులా ఉంది. ఇటు రావాలంటే బజార్లోకి దిగి, టీ కొట్టు మలుపు తిరిగి, వెనక సందులోంచి నడిచి రావాలి. మధ్యాహ్నం ఎండలో కొంగు నెత్తిన వేసుకుని వచ్చేది. ఫాను వేస్తే, "నా ఒక్కదానికి ఎందుకే" అని ఆపేసేది. కాసేపు కూర్చుని, అక్కడ పిల్లలేం చేస్తున్నారో అనుకుంటూ మళ్ళీ బయల్దేరేది. అక్కడా ఫాను ఆపేసేదట.

ఒకరోజు టీ కొట్టు మలుపులో కళ్ళు తిరిగి కూలబడింది. కొట్టతను మొహాన నీళ్ళు కొట్టి కబురు చేశాడు. నాన్న ఒకవైపు నుంచీ పెదనాన్న ఒకవైపు నుంచీ పరుగెత్తుకొచ్చారు. ఆమెను ఎవరి వైపు తీసుకుపోవాలన్న దగ్గర ఇద్దరికీ మాట పెరిగింది. "నీ దగ్గర ఫాను కింద పడుకోనిస్తే ఎండలో ఎందుకు తిరుగుద్ది?" అని ఒకరు, అదే మాట తిప్పి ఇంకొకరు. బజారంతా చూస్తోంది. నాయనమ్మ బల్ల మీద పడుకుని కళ్ళు మూసుకుని అంతా విన్నది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. రెండు ఇళ్ళవాళ్ళమూ ఉక్క భరించలేక బయటికొచ్చి, ఎవరి గుమ్మం ముందు వాళ్ళం కూర్చున్నాం. లోపల్నుంచి ధన్ ధన్ మని చప్పుడు. మేం ఇటునించీ వాళ్ళు అటునించీ లోపలికి ఉరికాం. మా వైపు గోడ ఉబ్బి ఒక ఇటుక ఊడి కింద పడింది. ఆ కంతలోంచి మట్టి కొట్టుకుపోయిన నాయనమ్మ మొహం కనపడింది. రెండు చేతులతో గునపం పట్టుకుని ఆయాసపడుతోంది.

"ఏం చేస్తన్నావే అమ్మా!" అని అరిచాడు నాన్న.

"కరెంటు లేదుగా. ఇప్పుడు ఏ మీటరూ తిరగదులే" అంది.

పెదనాన్న వెనకనుంచి వచ్చి గునపం లాక్కున్నాడు. ఆపుతాడనుకున్నాను. తల్లిని పక్కన కూర్చోబెట్టి, తనే పొడవడం మొదలుపెట్టాడు. ఇవతల నాన్న ఇటుకలు ఎత్తి పోశాడు. పెదమ్మ చెంబుతో మంచినీళ్ళు తెచ్చి, కంతలోంచే అమ్మకు అందించింది. పిల్లలం పెద్దవాళ్ళ కాళ్ళ సందుల్లోంచి అటూ ఇటూ దూరుతూనే ఉన్నాం. ఎవరూ ఆగమనలేదు. మళ్ళీ తనిఖీకి ఎవరూ రాలేదు. మీటర్లు రెండూ ఉన్నాయి, నాయనమ్మ మంచం ఆ కంతకు ఎదురుగా చేరింది.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు. ఆ జాగాలో షట్టర్ల వరస. పరుపులు ఎక్కడో తయారై లారీల్లో వస్తున్నాయి. నాన్న, పెదనాన్న, నాయనమ్మ ఎవరూ లేరు. పెదనాన్న పిల్లలతో ఫోన్లో పండగ శుభాకాంక్షలు తప్ప వేరే మాటలుండవు.

నిన్న మధ్యాహ్నం పన్నెండింటికి పక్క పోర్షను ఆదెమ్మగారు గుమ్మంలో కూర్చుని అట్టముక్కతో విసురుకుంటూ కనపడ్డారు. వాళ్ళ బ్యాలెన్సు అయిపోయింది. రీచార్జి చేసే కొడుకు లారీ తీసుకుని మాచర్ల వైపు వెళ్ళాడు, ఫోను కలవడంలేదు.

"లోపలికి రండి పిన్నిగారూ, ఫాను కింద కూర్చోండి."

"వద్దులే తల్లీ. నీ యూనిట్లు అయిపోతయ్."

"ఫాను నా ఒక్కదానికి తిరిగినా, మనిద్దరికీ తిరిగినా తాగేది అంతేనండీ" అన్నాను.

ఆవిడ నమ్మనట్టు మీటరు వంక చూశారు. తర్వాత లేచి వచ్చి, గోడవారగా కూర్చోబోతుంటే, చెయ్యి పట్టుకుని ఫాను కిందికి జరిపాను.