పీపా కెప్టెన్ సరస్సులోకి దిగిన రోజు

సిక్స్టెన్ హెగ్లుండ్ షెడ్డులో ముప్పై ఒక్క పడవ మోటార్లున్నాయి. పడవ మాత్రం లేదు. ఈ ఒక్క సంగతి చెప్పుకుని మా నెస్‌బో జనం ఇరవై ఏళ్ళు నవ్వుకున్నారు. వేరే వినోదం తక్కువ ఊరు మాది.

ఆయనకు యాభై ఎనిమిదేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. పగలు కోతమిల్లులో రంపాలకు పదును పెడతాడు, సాయంత్రం కాగానే షెడ్డులో దూరతాడు. ఆ మోటార్లన్నీ ఆయన పుట్టకముందువి. ఎవరైనా కొట్టం ఖాళీ చేస్తున్నారని తెలిస్తే చాలు, వెళ్ళి కోళ్ళు గుడ్లు పెట్టిన గడ్డి కింద నుంచి ఒకటి లాక్కొస్తాడు. రెండు వందల క్రోనర్లు మించి ఎప్పుడూ ఇవ్వలేదు. అంతకన్నా ఖరీదైతే అది మోటారు కాదు, అలంకారం అంటాడు. వేసవికి వచ్చే నగరంవాళ్ళు అలాంటివాటికి మెరుగు పెట్టించి గోడలకు తగిలించుకుంటారు. తాడు లాగడం వాళ్ళలో ఒక్కడికీ రాదు.

పట్టేసిన పిస్టన్ మీద సిక్స్టెన్ కిరసనాయిలు పోసి వారం రోజులు ఆగుతాడు. సుత్తి ముట్టుకోడు. కార్బురేటర్‌లోని సన్న రంధ్రాన్ని బ్రష్షు వెంట్రుకతో శుభ్రం చేస్తాడు. ప్యాకింగులు మందపాటి కాగితం మీద గీసి, గోళ్ళ కత్తెరతో కత్తిరిస్తాడు. కొత్త రంగు వెయ్యడు. అన్నీ బిగించాక, నీళ్ళు నింపిన పీపా అంచుకు మోటారు తగిలించి, పైనున్న చక్రానికి తాడు చుట్టి లాగుతాడు. అది అంటుకోగానే పీపాలో నీళ్ళు గిరగిరా తిరిగి ఆయన ప్యాంటు తడిపేస్తాయి. అప్పుడు ఆయన ముఖం చూడాలి. మా ఊళ్ళో అంత సంతోషంగా ఉండే ముఖం ఇంకొకటి లేదు. నేను వెతికాను.

పీపా కెప్టెన్ అని పేరు పెట్టింది వాల్‌ఫ్రిడ్, రిటైరైన పోస్ట్‌మ్యాన్. ఆ పేరు వెనక ఒక కథ ఉంది, అది మాత్రం ఎవరూ నవ్వుతూ చెప్పుకోరు. పంతొమ్మిదో ఏట సిక్స్టెన్ తన తండ్రి మోటారు తీసుకుని సరస్సులోకి వెళ్ళాడు. దాన్ని పడవకు పట్టి ఉంచే రెండు మరలూ బిగించడం మరిచిపోయాడు. సరస్సు నడుమ మోటారు అదురుకుంటూ పైకి లేచి, తిరుగుతూనే నీళ్ళలోకి దూకింది. తండ్రి ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. మా చర్చి అవతలి ఒడ్డున ఉంది, పెళ్ళికూతుళ్ళు పడవలో వెళ్తారు. మరుసటి నెల పెళ్ళి చేసుకున్న ఆయన అక్క రాగ్నిల్డ్ కారులో వెళ్ళవలసి వచ్చింది. ఆ తర్వాత సిక్స్టెన్ పడవ ఎక్కలేదు.

ఈ ఏప్రిల్‌లో రాగ్నిల్డ్ కూతురు టూవా షెడ్డుకు వచ్చింది.

"మావయ్యా, జూన్‌లో నా పెళ్ళి. నన్ను చర్చికి నువ్వే తీసుకెళ్ళాలి."

"వాల్‌ఫ్రిడ్ బాబాయికి మంచి పడవుంది. ఆయన తెడ్లు వేస్తాడులే."

"డెబ్బై తొమ్మిదేళ్ళాయనకి. ఆయన నన్ను చేర్చేసరికి నా మొగుడు పింఛను తీసుకుంటుంటాడు."

"నా మోటార్లు పీపాలో తిరిగేవే అమ్మా."

"పుట్టినప్పట్నుంచీ మా అమ్మ నోట ఆ కారు కథ వింటున్నా. నేను కారెక్కను. నువ్వు రాకపోతే ఈదుకుంటూ పోతా. గౌను ఖర్చు నీదే."

సిక్స్టెన్ చాలాసేపు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తర్వాత, "గౌను పొడుగ్గా ఉంటుందా?" అని అడిగాడు. అంటే ఒప్పుకున్నట్టే.

రెండున్నర గుర్రాల శక్తి ఉన్న మోటారు ఒకటి ఎంచుకున్నాడు. దానికి గేర్లు లేవు. అంటుకున్న క్షణమే పడవ కదులుతుంది. వెనక్కి పోవాలంటే మోటారునే గుండ్రంగా అటువైపు తిప్పాలి. రెండు నెలల్లో దాన్ని పీపాలో నలభైసార్లు నడిపాడు. నలభైసార్లూ అంటుకుంది.

పెళ్ళి ఒంటిగంటకు. మా పాస్టర్ మూడు ఊళ్ళ చర్చిలు చూసుకోవాలి. రెండు గంటలకు ఇంకో చోట ఇంకో పెళ్ళి చేయాలి కాబట్టి ఒంటిగంటంపావు దాటితే ఆగనని ముందే చెప్పేశాడు. చుట్టాలందరూ రోడ్డు మీదుగా చర్చికి వెళ్ళిపోయారు. ఇవతల రేవులో టూవా, సిక్స్టెన్, పడవ గలాయన వాల్‌ఫ్రిడ్ మిగిలారు. వాల్‌ఫ్రిడ్ రెండు తెడ్లతో వచ్చి కూర్చున్నాడు.

"అవెందుకు బాబాయ్?"

"నీ మోటారు మీద నాకు బోలెడు నమ్మకం రా. నమ్మకంతో పాటు ఇవి కూడా ఉంటే నిద్ర పడుతుంది."

సిక్స్టెన్ బిగింపు మరలు మూడుసార్లు చూసుకున్నాడు. అదీ చాలక మోటారును తాడుతో పడవకు కట్టాడు. చక్రానికి తాడు చుట్టి లాగడం మొదలుపెట్టాడు. పది, పదిహేను, ఇరవై. పీపాలో మొదటి లాగుడుకే అంటుకునేది ఇక్కడ దగ్గి ఊరుకుంది. చొక్కా తడిసిపోయింది. ఇరవై మూడోసారికి చక్రం ఆయన చేతిని వెనక్కి తన్నింది, మోటారు చటుక్కున అంటుకుంది.

పడవ వెనక్కి కదిలి, రేవు నుంచి నేరుగా సరస్సులోకి వెళ్ళింది.

"అబ్బో! ఏం ఒడుపురా! ఇక ముందుకు తిప్పు," అన్నాడు వాల్‌ఫ్రిడ్.

"ముందుకే పెట్టాను బాబాయ్."

పడవ వెనక్కే పోతోంది. వెనక చెక్క మీద నుంచి నీళ్ళు లోపలికి వస్తున్నాయి. టూవా గౌను మోకాళ్ళ దాకా ఎత్తుకుంది. సిక్స్టెన్‌కు అప్పుడు అర్థమైంది. మోటారులో నిప్పురవ్వ ఎప్పుడు పడాలో మార్చే స్పార్కు మీటను తన అలవాటు ప్రకారం చివరిదాకా జరిపాడు. స్పార్కు మరీ ముందే పడి, చక్రం ఎదురు తన్ని వ్యతిరేక దిక్కులో తిరుగుతోంది. అలాంటి మోటారుకు ఎటు తిరిగినా ఒకటే. పీపాలో నీళ్ళు ఎటు తిరిగితే ఎవరికి పట్టింది? ఆ నలభైసార్లలో ఎన్నిసార్లు ఇలాగే తిరిగిందో దేవుడికే తెలియాలి.

"ఆపేసి మళ్ళీ లాగరా!"

"మళ్ళీ ఇరవై మూడు లాగాలి బాబాయ్. చర్చి గంట కొడుతున్నారు, వినపడట్లా?"

టూవా చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని ఆలోచించింది. "మావయ్యా, వెనక్కి పోవాలంటే మోటారును అటు తిప్పుతారు కదా? మరి వెనక్కి పోతున్నదాన్ని తిప్పితే?"

సిక్స్టెన్ ఆమె వైపు ఒక్క చూపు చూసి మోటారును రెండు చేతులతో పట్టి గుండ్రంగా తిప్పేశాడు. పడవ ఆగింది, వణికింది, ముందుకు దూకింది. వాల్‌ఫ్రిడ్ టోపీ నీళ్ళలో పడింది.

ఇప్పుడు మోటారును దారి మళ్ళించే పిడి పడవ బయట నీళ్ళ మీదికి పోయింది. దాన్ని అందుకోవాలంటే సిక్స్టెన్ వెనక బల్ల మీద మోకరిల్లి, చర్చికి వీపు పెట్టి, బయటికి వంగాలి. దారి కనిపించదు. టూవా ముందుకు వెళ్ళి నిలబడింది.

"ఎడమకి మావయ్యా! ఎడమ! నా ఎడమ, నీది కాదు!"

"ఎవరి ఎడమో ఒకటి ఖాయం చెయ్యవే తల్లీ!"

"చర్చి వైపు!"

"చర్చి నా వీపు వెనకుంది!"

వాల్‌ఫ్రిడ్ తెడ్లు ఒడిలో పెట్టుకుని కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. సిక్స్టెన్ కూడా నవ్వుతున్నాడు. పీపా ముందు నవ్వే నవ్వే, కాకపోతే ఇప్పుడు దానికి నోరు చాలలేదు.

అవతలి రేవులో పాస్టర్ గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. జనానికి ముందు కనిపించింది ఒక చేత్తో చెప్పులు పట్టుకుని దారి చెబుతున్న పెళ్ళికూతురు. ఆమె "ఆపు!" అని అరిచింది. సిక్స్టెన్ ఆపాడు. పడవ ఊపు మీద ఇంకా వస్తూనే ఉంది. రాగ్నిల్డ్ పెళ్ళి బట్టలతోనే మోకాలు లోతు నీళ్ళలోకి దిగి, దాని ముక్కు పట్టుకుంది.

"ఒంటిగంటా ఎనిమిది," అన్నాడు పాస్టర్. "రండి, తడిగా ఉన్నా ఫరవాలేదు."

రాగ్నిల్డ్ తమ్ముడి వైపు తిరిగింది. "ముప్పై తొమ్మిదేళ్ళు ఆలస్యమయ్యావురా."

"తెలుసక్కా."

"వెనక్కి వెళ్ళేటప్పుడు పెళ్ళికొడుకు కారులో పోతాడు. పడవలో అతని చోటు నాది."

అలాగే జరిగింది. తిరుగు ప్రయాణంలో మోటారు రెండో లాగుడుకే అంటుకుంది, సరైన దిక్కుకే తిరిగింది. చూద్దామని రేవు మీద చేరిన జనం కొంచెం నిరాశపడ్డారు. రాగ్నిల్డ్ కూతురి పక్కన కూర్చుని, నేరుగా ఇంటికి వద్దు, సరస్సులోని ద్వీపం చుట్టూ తిప్పమంది. ఒకసారి తిప్పాక ఇంకోసారి అంది. ఇంటి దగ్గర హెర్రింగ్ చేపలు, కొత్త బంగాళాదుంపలు బల్ల మీద చల్లారిపోయాయి. పెళ్ళికొడుకు ఒడ్డున నిలబడి పెళ్ళాం కోసం చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. సిక్స్టెన్ మూడోసారి, ఎవరూ అడగకుండానే, పిడి ద్వీపం వైపు తిప్పాడు.