వెంకటనర్సమ్మ ట్రాలీ గుట్టెక్కిన రోజు

నాచారంలో ఆదివారం కంపెనీల గేట్లు మూసేస్తే, ఆ రోడ్లన్నీ వెంకటనర్సమ్మవే. వారమంతా బిస్కెట్ల కంపెనీలో ప్యాకింగ్ చేసే మనిషి, ఆ ఒక్క పూట ఎవరిదో పాత సరుకుల ట్రాలీ అడిగి తెచ్చి, మొగుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని బండి నేర్చుకునేది. మొగుడు కొమురెల్లి ఒకప్పుడు డీసీఎం లారీ డ్రైవరు. సరుకు దించుతుంటే ఎడమ చెయ్యి నలిగి, గేరు మార్చలేని స్థితికి వచ్చాడు. చెయ్యి పోయింది గాని నోరు పోలేదు. "క్లచ్చును గట్ల తంతవేందే, అదేమన్న బర్రెనా?" అని వీధంతా వినపడేలా అరిచేవాడు.

తిట్లన్నీ మింగి ఆమె లైసెన్సు తెచ్చుకుంది. తర్వాత వాయిదాల మీద నాలుగు చక్రాల కొత్త ట్రాలీనే తెచ్చి ఇంటి ముందు నిలబెట్టింది. ఉప్పల్ చౌరస్తాలో మెట్రో స్తంభాలు ఇంకా మొలవని రోజులవి. బాడుగ బండి నడిపే ఆడమనిషిని ఆ చుట్టుపక్కల ఎవరూ చూసి ఎరగరు. "ఆడోళ్లు బండి తోలుడేంది, నలుగురు నవ్వరా?" అని అత్త మల్లవ్వే మొదట మూతి ముడిచింది.

కొత్త బండి కొంటే ఆ ఇంట్లో మొదటి ప్రయాణం యాదగిరిగుట్టకే. నరసింహస్వామి ముందు పూజ అయ్యేదాకా బండి వెనక్కి పోగూడదని మల్లవ్వ పట్టింపు. అందుకే ట్రాలీని ముక్కు రోడ్డు వైపుకే ఉండేట్టు నిలబెట్టించింది. మరిది ఉపేందర్ ఆ పట్టింపును పట్టుకుని మెలిక పెట్టాడు. వాడూ డ్రైవరే. ఆ ట్రాలీ మీద వాడి కన్ను పడి చాలా రోజులైంది.

"వదినె, ఘాట్ రోడ్డు మీద బండి జానెడు ఎనుకకొచ్చినా తాళంచెవి నాకియ్యాలె. నేను నడుపుకుంట. నువ్వు మళ్ల బిస్కెట్లు సదురుకో."

"గట్లనే కానీ," అన్నాడు కొమురెల్లి, పెళ్లాన్ని ఒక్క మాటైనా అడక్కుండా. ఇంకొకరి సొమ్ము పందెం కాయడం మగవాళ్లకు ఎంత తేలికో! వెంకటనర్సమ్మకు ఒళ్లు మండింది. మండినా, వెనక్కి తగ్గబుద్ధి కాక సరేనంది.

కార్తీకమాసంలో ఒక పొద్దున బయల్దేరారు. ముందు సీట్లో కొమురెల్లి, వెనక డబ్బాలో మల్లవ్వ, ఉపేందర్. బోడుప్పల్ దాటి, ఘట్‌కేసర్ దాటి ఊళ్లు పలచబడ్డాయి. పెళ్లైన నాటి నుంచి ఆమె ఈ దారిన పోయింది ఎప్పుడూ డీసీఎం వెనక, బస్తాల మీద కూర్చునే. తాటిచెట్లయినా చెరువులైనా దాటిపోయాకే కంటపడేవి, చూస్తుండగానే చిన్నవైపోయేవి. ఇవాళ అన్నీ ఎదురొస్తున్నాయి. బీబీనగర్ చెరువు దూరాన తళుక్కుమని, దగ్గరికొచ్చేసరికి అద్దం నిండా పరుచుకుంది. రోడ్డు పక్క వడ్లు ఎండబోస్తున్న ఆడవాళ్లు స్టీరింగు ముందు చీరకొంగు చూసి, పని ఆపి నోళ్లు తెరిచారు. "మంచిగ తోలు బిడ్డా!" అని ఒక ముసలామె చెయ్యూపింది. వెంకటనర్సమ్మ అవసరం లేకపోయినా గట్టిగా హారన్ కొట్టింది. సీతాఫలాల గంపలు పోయాయి, రోడ్డుకు అడ్డంగా గొర్రెల మంద తాపీగా పోయింది, భువనగిరి బండ ముందుకు జరిగి జరిగి ఆకాశం సగం కమ్మేసింది.

"ఈ తొవ్వ ఇంత సక్కగుంటదా! ఇన్నేండ్లు నాకు దీని ఎనుక దిక్కే సూపెట్టినవు గదయ్యా," అంది. కొమురెల్లి తన పక్క అద్దం దించి, ఆ దారిని కొత్తగా చూస్తున్నట్టు తల బయటికి పెట్టాడు.

గుట్ట ఎక్కుడు మొదలైంది. సరిగ్గా మలుపు మధ్యలో ముందు పోతున్న బస్సు ఆగిపోయింది. ఆమె బ్రేకు తొక్కి, హ్యాండ్‌బ్రేకు లాగింది. వెనక ఒక జీపు వచ్చి అంటుకున్నట్టు నిలబడింది. ఉపేందర్ కిందికి దూకి, పక్కనున్న బండరాయిని రెండు చేతులా ఎత్తుకున్నాడు.

"టైరు కింద పెట్టాల్నా వదినె? పెడితే ఓడినట్టే మల్ల!"

"రాయి అక్కర్లేదు. ఎక్కి కూసో!"

వాడు ఎక్కలేదు. బండి వెనక్కి జారడం కళ్లారా చూడాలని అక్కడే నిలబడ్డాడు. కొమురెల్లి పెదవులు కదిలాయి.

"నువ్వు నోరు తెరిస్తివో, ఈడనే దించేస్త," అందామె.

తాళంచెవి పోతే బండి ఒక్కటే పోదు, మళ్లీ వెనకే కూర్చోవాలి. ఆ తలపుకే ఆమెకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. బస్సు కదిలింది. క్లచ్చు కొద్దికొద్దిగా వదిలి, ఇంజను గొంతు మారి బండి ముందుకు గుంజుతుండగా హ్యాండ్‌బ్రేకు దించింది. ట్రాలీ వెంట్రుకవాసి కూడా వెనక్కి రాలేదు. ఒక్క ఊపున ముందుకు పోయింది.

"పోతున్నదిరో! నా కోడలు పోతున్నది!" మల్లవ్వ కేక కొండంతా వినపడింది. జీపులోవాళ్లు ఈలలు వేశారు. ఉపేందర్ రాయి పారేయాలన్న సోయి కూడా లేక, దాన్ని పట్టుకునే బండి వెంట పరుగెత్తాడు.

పైన పూజారి హారతి ఇచ్చి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, రొప్పుతూ వచ్చిన ఉపేందర్‌ను చూసి కుంకుమ వేలు చాచాడు. "డ్రైవరువు నువ్వేనా నాయనా? బొట్టు పెట్టించుకుని బండెక్కు."

మల్లవ్వ కొడుకును పక్కకు నెట్టి మధ్యలో నిలబడింది.

"ఆనికి కాదు అయ్యగారూ. తోల్కొచ్చింది మా కోడలు. బొట్టు ఆమెకు పెట్టున్రి."

వెంకటనర్సమ్మ నీళ్లు నిండిన కళ్లతోనే నుదురు ముందుకు చాచింది. తర్వాత చెంగు బిగించి బండెక్కి, నిమ్మకాయలన్నిటినీ ఒక్క దెబ్బకు చితక్కొట్టింది.