సోమవారానికి మిగిలిన ఇలకోడి

జువాలజీ సారు పోయారని మా క్లాసు స్వాతి ఫోన్ చేసి చెప్పింది. ఏడుపు కన్నా ముందు నాకు వచ్చిన ఆలోచన ఒక్కటే: ఈ కబురు కూడా ముందు దానికే తెలియాలా? సారు దగ్గర అన్నీ దానికే ముందు.

సారు బొల్లారంలో ఉండేవారు. తొలకరికి నేల బొరియల్లోంచి బయటికొచ్చే పెద్ద కీచురాళ్లను పట్టుకొచ్చి, ఎండబెట్టి, సూదులు గుచ్చి ట్రేలో పెట్టేవారు. "కీచురాయి అంటే దాని గొంతే యాదికొస్తది బిడ్డా. ఇలకోడి అను, అదుండే నేల సుత యాదికొస్తది" అనేవారు. ఆ రోజు నుంచి నేను ఆ మాటను విడిచిపెట్టలేదు.

ఆయనకొక పద్ధతి ఉండేది. ఒకే ట్రేను ఇద్దరికి వేర్వేరుగా ఇచ్చి, ఏది ఏ జాతో విడదీయమనేవారు. తర్వాత ఎదురెదురుగా కూర్చోబెట్టి వాదించుకోమనేవారు. నాకు జోడీ ఎప్పుడూ స్వాతే. ఒకసారి నేను వెనక రెక్కలున్నవి ఒక జాతి, లేనివి ఇంకో జాతి అని పెట్టాను. సారు టీ గ్లాసు పక్కన పెట్టారు.

"ఎగురుడు అయిపోయినంక కొన్ని రెక్కలు రాల్చుకుంటయమ్మా. స్వెటర్ ఇప్పితే నువ్వు ఇంకో మనిషివైతవా?"

అంతకుముందే స్వాతి ట్రే చూసి మాత్రం "మంచిగుంది" అని దాన్ని పంపించేశారు. ఆ ఒక్క మాట కోసం నేను సెలవుల్లోనూ మెట్టుగూడ నుంచి ల్యాబుకు వచ్చేదాన్ని. దొరికేవి తిట్లే. పేరు పెట్టే ముందు ఒక పురుగును ఎంతసేపు చూడాలో నాకు నేర్పినవీ ఆ తిట్లే.

పోయిన శుక్రవారం ఒక ఇలకోడి దగ్గర ఇద్దరికీ కుదరలేదు. తల వెడల్పు చూసి నేనొక జాతి అన్నాను, వెనక కాళ్ల ముళ్లు చూసి స్వాతి ఇంకో జాతి అంది. సారు దాన్ని రెండు గుంపుల మధ్య గుచ్చి, "సోమవారం జూద్దాం. అప్పటిదాక లొల్లి బంద్" అన్నారు.

ఆదివారం పోయారు. నీదే సరైనదని ఆయన నోట ఒక్కసారి వినాలని నాకుండేది.

అంత్యక్రియలు అయ్యాక ఇద్దరం ల్యాబుకు వెళ్లాం.

"నీ దిక్కే పెడ్తుండెనేమో సారు" అంది స్వాతి.

"నీకేందే, నీయన్నీ మంచిగున్నయనేటోళ్లు."

"గదే నా తక్లీఫ్. మంచిగుందని పంపిచ్చేటోళ్లు. నిన్నైతే గంటలు గంటలు కూసోవెట్టుకొని తిట్టేటోళ్లు. నేను బయట నిలబడి ఇనేదాన్ని. ఇంకేమేం అనేటోళ్లే?"

స్వెటర్ మాట చెప్పాను. మిగతావి చెప్పబుద్ధి కాలేదు.

సూది మీద చెయ్యి వేశాను కానీ జరపలేదు. గాజు మూత వేశాం. నా గుంపుకూ దాని గుంపుకూ మధ్య ఆ ఇలకోడి ఒక్కటే ఉంది, మీసాలు చెరోవైపు చాచి.